ప్రపంచ వింత అనిపించుకోవడానికి కొలబద్ద ఏది? ఎల్లోరా కైలాసం చూశాక కలిగిన సందేహం

ప్రశ్న

నేను నెల్లూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రపంచ ఏడు వింతల గురించి చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, నాలుగున్నర వేల ఏళ్లుగా నిలిచి ఉన్న గీజా పిరమిడ్ ఈ జాబితాలో లేకపోవడం, 1931లో పూర్తయిన రియో క్రీస్తు విగ్రహం ఉండడం ఏ లెక్కన న్యాయమని అడిగింది. 2007 జూలై 7న లిస్బన్‌లో ప్రకటించిన ఆ జాబితా ప్రజల ఓట్లతో తేలిందని చెప్పాను గానీ, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. పైగా కిందటి దసరా సెలవుల్లో ఎల్లోరా కైలాస దేవాలయాన్ని చూసి వచ్చినప్పటి నుంచి, అది అప్పటి తుది పోటీకి నిలిచిన 21 కట్టడాలలో కూడా ఎందుకు లేదన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒక కట్టడాన్ని ప్రపంచ వింత అనడానికి మనం దేనిని ప్రమాణంగా తీసుకోవాలి? పెద్దలు తమ అభిప్రాయం తెలియజేయగలరు.

సమాధానం 1

మాస్టారూ, ఏడు వింతల మొట్టమొదటి ప్రాచీన జాబితా ఎవరి కోసం పుట్టిందో చూస్తే చిక్కు కొంత విడుతుంది. గ్రీకు రచయితలు మధ్యధరా సముద్రం చుట్టూ, దాని తూర్పున తాము ఎరిగిన దేశాలలో యాత్రికులు తప్పక చూడవలసిన వాటిని ఏరి రాసుకున్నారు. వారు వాడిన 'థెయామాటా' అనే మాటకు చూడదగినవి అనే అర్థమే తప్ప లోకంలోకెల్లా గొప్పవని కాదు. అందులోనూ ఏకాభిప్రాయం లేదు. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు కవి ఆంటిపేటర్ తన పద్యంలో అలెగ్జాండ్రియా దీపస్తంభాన్ని చేర్చలేదు, బాబిలోన్ కోటగోడలను చేర్చాడు. ఆ జాబితాలోని రోడ్స్ దీవి మహావిగ్రహమైతే అర్ధశతాబ్దం పైచిలుకు మాత్రమే నిలబడి భూకంపానికి కూలింది. ఆ పద్యం నాటికే అది నేల మీద పడి ఉంది. బాబిలోన్ వేలాడే తోటల ఆనవాళ్లు తవ్వకాలలో ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

ఇక 2007 నాటి జాబితాను స్విట్జర్లాండ్‌కు చెందిన బెర్నార్డ్ వెబర్ స్థాపించిన ప్రైవేటు సంస్థ రూపొందించింది. ఒకే మనిషి పలుమార్లు ఓటు వేయడానికి అందులో అవకాశం ఉండేది. తనకు ఆ కార్యక్రమంతో సంబంధం లేదని యునెస్కో అప్పుడే స్పష్టం చేసింది. పిరమిడ్‌ను పోటీకి నిలబెట్టడాన్ని ఈజిప్టు తీవ్రంగా ఆక్షేపించడంతో దానిని ఓటింగు నుంచి తప్పించి గౌరవ స్థానం ఇచ్చారు. మీ విద్యార్థినికి చెప్పవలసిన జవాబు ఇదే: పిరమిడ్ ఓడిపోలేదు, అసలు పోటీలోనే లేదు.

సమాధానం 2

నేను సివిల్ ఇంజనీరును. నా వరకు ప్రమాణం ఒక్కటే: ఆ కాలపు పనిముట్లతో, ఆ కాలపు తెలివితో ఆ పని ఎంత దుర్లభం? గీజా పిరమిడ్‌లో సుమారు 23 లక్షల రాతి దిమ్మెలు ఉన్నాయని అంచనా. మొదట్లో 146 మీటర్లకు పైగా ఉన్న దాని ఎత్తును మించిన కట్టడాన్ని మనిషి దాదాపు 3,800 ఏళ్ల వరకు లేపలేకపోయాడు.

కైలాసం విషయం దీనికి పూర్తిగా భిన్నం, నా దృష్టిలో అంతకన్నా కఠినం. అది కట్టినది కాదు, కొండను తొలిచి వెలికి తీసినది. 8వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుని కాలంలో శిల్పులు నల్లరాతి కొండ పై అంచు నుంచి మొదలుపెట్టి, ముందుగా శిఖరం, తరువాత గోడలు, చివరకు పీఠం అనే వరుసలో కిందికి దిగుతూ చెక్కారు. కట్టడంలో ఒక రాయి పాడైతే మరొకటి పెట్టవచ్చు. ఇక్కడ ఒక ఏనుగు తొండం విరిగితే అతికించడానికి వేరే రాయి లేదు. కింద రాబోయే స్తంభం ఎక్కడ నిలవాలో, నీరు ఎటు పారాలో పై అంచున మొదటి ఉలి దెబ్బ పడకముందే తెలిసి ఉండాలి. పీఠాన్ని మినహాయిస్తే రియో విగ్రహం ఎత్తు 30 మీటర్లు, కైలాస శిఖరం ఎత్తూ అంతకు అటూ ఇటూగానే ఉంటుంది. ఒకటి ఇనుప చువ్వల కాంక్రీటుతో పోసినది, మరొకటి ఉలితో వెలికి తీసినది. ఇథియోపియాలోని లాలిబెలాలో ఇదే విధంగా కొండను తొలిచిన పదకొండు చర్చీలు ఉన్నాయి, వాటికీ ఆ జాబితాలో చోటు దక్కలేదు.

సమాధానం 3

ఇంజనీరు గారి మాటతో కొంతవరకే ఏకీభవిస్తాను. దుర్లభత్వమే కొలబద్ద అయితే లోతైన గనులు, పెద్ద ఆనకట్టలు అన్నీ వింతలే అవుతాయి. మన భాషలో వింత వేరు, అద్భుతం వేరు. రెండు తలల దూడ పుట్టినా వింత అంటాము. అద్భుతం నవరసాలలో ఒకటి, దానికి మూలమైన స్థాయీభావం విస్మయం. ఎలా చేశారో పూర్తిగా తెలిసిన తరువాత కూడా ఆ విస్మయం తగ్గకపోతేనే దానిని ప్రపంచ అద్భుతం అనాలని నా అభిప్రాయం. ఆ లెక్కన కైలాసం నిలుస్తుంది, జోర్డాన్‌లో కొండరాళ్లను తొలిచి కట్టుకున్న ప్రాచీన నగరం పెట్రా కూడా నిలుస్తుంది. ఎందుకంటే ఎడారిలో వానచుక్కలను ఒడిసిపట్టి రాతి కాలువలతో ఊరంతటికీ అందించిన అక్కడి ప్రాచీన ప్రజలు నబతీయుల పనితనం తెలిసే కొద్దీ ఆ రాతి ముఖద్వారాల అందం పెరుగుతుంది.

మరొక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. మాది ములుగు జిల్లా. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి అంటే నాకు ప్రాణం; నీటిలో తేలే ఇటుకలతో గోపురం, ఇసుక నింపిన పునాది ఉన్న ఆ గుడికి 2021లో యునెస్కో వారసత్వ హోదా వచ్చిన రోజున మా ఊళ్లో పండుగ చేసుకున్నాము. అయినా దానిని ప్రపంచ ఏడింటిలో ఒకటిగా నిలపమని నేను అడగను. మనది కాబట్టి గొప్పది అనుకోవడమే 2007లో జరిగింది, తాజ్‌మహల్ కోసం మనవాళ్లూ ఫోన్ల నుంచి సందేశాలు పంపారు. తాజ్‌మహల్ అర్హతపై నాకు సందేహం లేదు, దానికి ఆ సందేశాల అవసరమే లేదన్నది నా బాధ.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారూ, కైలాసాన్ని పై నుంచే చెక్కారని పిల్లలకు కళ్లకు కట్టినట్లు చూపించే ఆధారం ఏదైనా ఉందా?

సమాధానం 2 రాసినవారు

ఉంది, మీకు దగ్గరలోనే ఉంది. పిల్లలను మహాబలిపురం తీసుకువెళ్లండి. అక్కడి పిడారి రథాలు సగంలో ఆగిపోయిన ఏకశిలా నిర్మాణాలు. పై భాగమంతా శిఖరంతో సహా తీర్చిదిద్ది ఉంటుంది, కింది భాగం ఇంకా మొరటు బండగానే మిగిలి ఉంటుంది. శిల్పి ఎటు నుంచి ఎటు వెళ్లాడో ఆ రాయే చెబుతుంది.