నాయన పద్యాలు ఇంట్లోనే రికార్డు చెయ్యాలి, 30 వేలలో ఏం కొనమంటారు?

టంగుటూరు టేపురికార్డరు:

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతును. సంగీతం నాకు రాదు, వచ్చింది మా నాయనకు. కుర్రతనం నుంచి పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టాడు. సింగరాయకొండ తిరునాళ్లు, మాలకొండ, కొండపి చుట్టుపక్కల ఊళ్లు, ఎక్కడ పందిరేస్తే అక్కడ. రాత్రి పదింటికి తెర లేస్తే కోడి కూసేదాకా. కృష్ణుడి వేషానికి పేరుపడ్డ షణ్ముఖి ఆంజనేయరాజు గారి బాణీ అంటే పడి చస్తాడు. ఇప్పుడాయనకు 72. గొంతు అట్నే ఉంది గానీ ఊపిరి తగ్గింది. ఐదు శ్రుతిలో పాడిన మనిషి మూడున్నరకు దిగాడు. పద్యం చివర రాగం తీసేటప్పుడు మధ్యలో ఆగి నా వైపు చూస్తాడు, అది నేను చూడలేకపోతున్నా.

నాయన పాడింది మా కాడ ఉన్నదల్లా రెండు క్యాసెట్లు. ఒకటి ఎలుకలు కొట్టాయి, రెండోదాంట్లో సగం జనరేటరు మోతే. అందుకే ఒక నలభై పద్యాలు శుభ్రంగా రికార్డు చేసి పెట్టుకోవాలని. హార్మోణీ మా మేనమామ వాయిస్తాడు. కాళ్లతో తొక్కే పాతకాలం పెట్టె, తొక్కినప్పుడల్లా కిర్రుమంటది.

పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒక కాంబో సెట్టు తెప్పించా. కండెన్సర్ మైకు, వంగే స్టాండు, రంగురంగుల బొత్తాల డబ్బా. ఒక బొత్తాం నొక్కితే చప్పట్లు, ఇంకోటి నొక్కితే నవ్వులు. నాయన చూసి "జనాన్ని కూడా వాళ్లే పంపించార్రా" అన్నాడు. రికార్డు చేసి వింటే ముందు ఫ్యాను, తర్వాత మద్రాసు రైలు, ఆ తర్వాత పక్కింటి గేదె, వీటన్నిటి వెనక బావిలోంచి అరిచినట్టు నాయన.

మా ముందుగది 12 అడుగులకు 14. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్కలు చవగ్గా దొరికితే కిందంతా అదే వేయించాం. పైన స్లాబు. గోడలకు క్యాలెండరు తప్ప ఏమీ లేదు. లేకపోతే పొలంలో పొగాకు కాల్చే బ్యారన్ ఖాళీగా ఉంది, గోడలు మందం, బయటి చప్పుడు రాదు. అందులో పెట్టొచ్చా? గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టమంటున్నాడు మా బామ్మర్ది. ల్యాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్. మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే ఇంటర్‌ఫేసు డబ్బా స్కార్లెట్ సోలో తీసుకుని, మంచి కండెన్సర్ మైకు ఒకటి కొందామనుకుంటున్నా. సరిపోద్దా?

కావలి కీబోర్డు:

బ్రో, సరిపోద్ది. సోలో, ఏటీ 2020 కండెన్సర్ మైకు, ఒక పాప్ ఫిల్టరు. నేను కవర్ సాంగ్స్ అన్నీ దాంతోనే చేస్తా. కండెన్సర్ లేకపోతే గొంతులో డీటెయిల్ రాదు. ఎకో ఉంటే గోడకు ఫోమ్ షీట్లు అంటించండి, ప్లగిన్‌తో నాయిస్ తీసేయొచ్చు. ఆల్ ద బెస్ట్, నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.

ఒంగోలు మైకుసెట్టు:

కావలి తమ్ముడూ, నీ గదిలో నీకు సరిపోయింది, ఆయన గదిలో సరిపోదు. నేను 22 ఏళ్లుగా మైకుసెట్టు నడుపుతున్నా. నాటకాలకు మైకు పెట్టీ పెట్టీ ఆ గొంతులు ఎట్టా పనిచేస్తాయో కాస్త తెలుసు. టంగుటూరు అన్నకు వివరంగా రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు సోలో వద్దు. దానికి మైకు పెట్టే గుంట ఒక్కటే. నీకు పాడే మనిషి ఒకరు, వాయించే మనిషి ఒకరు. రెండు మైకు గుంటలున్నది చూసుకో. స్కార్లెట్ 2ఐ2 గానీ, అంత పెట్టలేకపోతే బెహ్రింగర్ యూఎంసీ 202హెచ్‌డీ గానీ. నీ పనికి రెండిట్లో ఏదైనా ఒకటే. మిగిలిన డబ్బు మైకు మీద పెట్టు. లేటెన్సీ (పాడింది హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినపడటం), బఫరు అని వీడియోల్లో భయపెడతారు. ఆ గొడవ నీకు లేదు, నువ్వు ట్రాకు మీద ట్రాకు వెయ్యట్లేదు గదా.

మైకు కండెన్సర్ వద్దు. అది మంచిది కాక కాదు. చెవి మరీ పాముచెవి దానికి. గది బాగుంటే గొంతులో తడి కూడా వినిపిస్తది, గది బాగోకపోతే గేదె వినిపిస్తది. నీకిప్పటికే వినిపించింది. డైనమిక్ తీసుకో, అంటే అంత పాముచెవి లేని రకం, షూర్ ఎస్ఎం 58. 1966 నుంచి ఉన్న మైకు, మీ నాయన జీవితంలో సగం నాటకాలు అట్టాంటి మైకు ముందే పాడి ఉంటాడు, చేతికి అలవాటైన వస్తువు. ఒక్క జాగ్రత్త: 58కి నకిలీలు జాస్తి. సగం ధరకు ఇస్తామంటే అది 58 కాదు. బిల్లుతో కొను. 48 వోల్టుల బొత్తాం ఒకటుంటది ఇంటర్‌ఫేసు మీద, డైనమిక్‌కు దాంతో పన్లేదు, ఆపేసి పెట్టు.

హార్మోణీకి ఎస్ఎం 57. ఇది కూడా కొత్తది కొంటే నీ 30 వేలు దాటిపోద్ది. నా కొట్లో పాతది ఒకటుంది, జాలీ సొట్టపోయింది గానీ పనిచేస్తది. కర్నూలు రోడ్డు వైపు వచ్చినప్పుడు మెసేజీ పెట్టు, నెలరోజులు వాడుకుని తెచ్చివ్వు.

ఇప్పుడు అసలు సంగతి, గది. నల్లరాయి నేల మీద మెత్తటిది లేకుండా ఏ మైకు పెట్టినా బావే. గుడ్ల అట్టలు దండగ, పలచటి అట్ట పైస్థాయిని కాస్త మింగుద్ది, మగగొంతులో ఉండే బొంయ్‌మనే మోత అట్నే ఉంటది. అంగుళం ఫోమూ అంతే. కావాల్సింది మందం. ఎన్ని బొంతలు, పరుపులు, రగ్గులు ఉంటే అన్ని తెచ్చి నేల మీద పరువు, మీ నాయన వీపు వెనక గోడకు దూదిపరుపు నిలబెట్టు. అది ఎందుకంటే, మైకు ముఖం ఆయన వైపు ఉంటది, ఆయన్ని దాటి వెనక గోడను కూడా అదే చూస్తది. ఆ గోడ మీదనుంచి వచ్చే మోతే ముందు ఆపాలి.

బ్యారన్ మాట మర్చిపో. బయటి చప్పుడు రాదు, నిజమే. లోపల మొత్తం గుమ్మటం, పైగా కింద పొగగొట్టాలు ఇనప రేకు. మీ నాయన పైషడ్జమం పట్టాడంటే అవి కూడా ఝుమ్మని అందుకుంటాయి. పొగాకు రైతువి గదా, ఇంకా వేలానికి పోని బేళ్లు ఇంట్లో ఉంటే ఆ గది వాడు. గోనెపట్టాలో కుక్కిన ఆకు కంటే బాగా మోత మింగే గోడ ఏ స్టూడియోలోనూ ఉండదు, నవ్వులాటకు చెప్పట్లా.

మైకులు ఎక్కడ పెట్టాలంటే, నోటికీ 58కీ జానెడు. బెత్తెడు దగ్గరికొస్తే గొంతు లావెక్కుద్ది. హార్మోణీ మైకు ఈ మైకుకు కనీసం మూడు జానలు దూరంలో ఉండాలి, ఇంకా దూరమైతే ఇంకా మంచిది. లేకపోతే ఒకే గొంతు రెండు మైకుల్లోకి కాస్త ముందూ వెనకగా చేరి, కలిపినప్పుడు పల్చబడుద్ది. మీ మామను మీ నాయనకు ఎదురుగా కూర్చోబెట్టు, పక్కన కాదు. 58కి వీపు వైపు చెవుడు, హార్మోణీ ఆ చెవుటి వైపు పడాలి. రెండో మైకు తిత్తికి ఎదురుగా పెట్టబాకు, గాలి కొట్టుద్ది. పైనుంచి మూరెడు ఎత్తులో, రీడ్ల వైపు వంచి పెట్టు. కిర్రుమనే పెడలుకు ఇరుసు దగ్గర రెండు చుక్కలు కుట్టుమిషను నూనె, కింద మడిచిన గోనెసంచి.

గెయిన్ (మైకు చప్పుడు ఎంత పెంచాలనేది) పెట్టేటప్పుడు "ఒకసారి పాడు నాయనా" అంటే మర్యాదగా మెల్లిగా పాడతాడు. అది నమ్మబాకు. పద్యం చివర రాగం ఎత్తించు, అది మీటర్లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు పెట్టు, సున్నా దాటితే గొంతు పగులుద్ది. అసలు పాడేటప్పుడు ఇంకో నాలుగైదు పెరుగుద్ది, ఖాయం. 24 బిట్లలో చేస్తే తక్కువ స్థాయిలో రికార్డయినా తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన గొంతును మాత్రం ఎవడూ అతికించలేడు. స్టేజీ ఆర్టిస్టులు గట్టిగా పాడేటప్పుడు వాళ్లంతట వాళ్లే మైకుకు దూరం జరుగుతారు, జరగనీ, కదలొద్దని చెప్పబాకు.

సాఫ్ట్‌వేరు రీపర్. 60 రోజులు అన్నీ తెరిచి ఇస్తాడు, తర్వాత నచ్చితే 60 డాలర్లు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, రెండు ట్రాకులు కలిపి గంటకు ఒక జీబీ, అంతే. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద చెయ్యి, మన పల్లె ఇళ్లల్లో ఎర్తు సరిగా ఉండదు, 'జుయ్' అని వస్తది. ఫ్యాను ఆపక తప్పదు. ఒక్కో పద్యం అవగానే వేసి మళ్లీ ఆపు, పెద్దాయన ఉడికిపోతాడు.

పెన్నాగట్టు (నెల్లూరు):

మైకుసెట్టు గారు చెప్పినవాటిలో కాదనడానికేమీ లేదు. నేను నెల్లూరులో పిల్లలకు గాత్రం చెబుతాను, వాళ్ల పాటలు ఇంట్లోనే రికార్డు చేస్తుంటాను. వైర్లు, స్టాండ్లు చూస్తే మీ నాన్నగారు బిగుసుకుపోయే మనిషైతే ఇంకో దారి ఉంది. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ అని అరచేతిలో పట్టే రికార్డరు. 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తుంది, గెయిన్ పెట్టే పనే లేదు. గుసగుస నుంచి కేక దాకా పట్టుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే హార్మోనియం ఎక్కువైందని తర్వాత విడిగా తగ్గించలేరు, ఎవరెంత దూరంలో కూర్చోవాలో ముందే తేల్చుకోవాలి. వెనకటి గ్రామఫోను రికార్డుల వాళ్లు చేసిందీ అదే. ఆ 78 రికార్డుల్లో ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి రాగం కత్తిరించి పాడేవాళ్లు, మీ నాన్నగారికి ఆ తొందర లేదు. పూర్తిగా పాడనివ్వండి.

హెడ్‌ఫోన్స్ ఆయనకు పెట్టకండి, మీరు పెట్టుకోండి. చెవులు మూసేవి, ఏటీహెచ్ ఎం40ఎక్స్ లాంటివి చాలు. స్పీకర్లు కొనొద్దు, ఆ గదిలో అవి మీకు అబద్ధమే చెబుతాయి.

ఇంకొకటి. ఇవన్నీ వచ్చేదాకా ఆగకుండా ఈ రాత్రే ఫోన్లో నాలుగు పద్యాలు తీసుకోండి. మొదలుపెట్టే ముందు ఏ సందర్భం, ఏ రాగం, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆయన నోటితోనే చెప్పించండి. నేను మా గురువుగారి విషయంలో పాటలన్నీ తీసి, మాటలు తియ్యలేదు.

టంగుటూరు టేపురికార్డరు:

మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఏమనుకోబాకండి, పొగాకు గ్రేడింగు పని మీద ఉన్నాం. అమ్మా పెన్నాగట్టు గారూ, మీరు చెప్పిన రాత్రే ఫోన్లో తీశా. నాయన పద్యం కంటే కబుర్లే ఎక్కువ చెప్పాడు. కిరీటం అట్ట చెమటకు తడిసి రాయబారం సీను మధ్యలో కళ్ల మీదకి జారితే, కళ్లు కనపడకుండానే పాడాడంట.

యూఎంసీ 202హెచ్‌డీ, 58, ఎం40ఎక్స్, రెండు స్టాండ్లు, రెండు కేబుళ్లు. లెక్క 27 వేల చిల్లరకు తేలింది. 57 మైకుసెట్టు అన్న ఇచ్చాడు, టీ కూడా ఆయనే తాగించాడు.

బేళ్ల గది నిజంగానే అద్భుతం అన్నా. చప్పట్లు కొడితే చేతుల్లోనే ఆగిపోయింది. కాకపోతే ఆకు ఘాటు సంగతి నువ్వూ మర్చిపోయావు, నేనూ మర్చిపోయా. మూడో పద్యం దాకా బానే పాడాడు, నాలుగో దానికి దగ్గు అందుకుంది, గంటసేపు ఆగలా. మా అమ్మ నన్ను తిట్టిన తిట్లు రెండు ట్రాకుల్లోనూ స్పష్టంగా పడ్డాయి, మైనస్ 6 దాటి.

ఇప్పుడు మా పడకగదిలో పెట్టా. మూడు దూదిపరుపులు, అమ్మ బొంతలు ఐదు, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి. రాత్రి పది దాటాక మొదలుపెడతాం, రైలు వస్తే ఆగుతాం. గెయిన్ నువ్వు చెప్పినట్టే పెట్టా, అసలు పాడేటప్పుడు సరిగ్గా ఐదు పెరిగింది. పెడలు కిర్రు నూనెకు పోలా, సగం తగ్గింది. మామ "అది లేకపోతే తాళం తప్పుద్ది" అంటున్నాడు, వదిలేశా.

పదకొండు పద్యాలయ్యాయి. నిన్న నాయనకు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించా. కళ్లు మూసుకుని ఆసాంతం విన్నాడు. నేను మెచ్చుకుంటాడని చూస్తున్నా. తీసి "మోహన రాగంలో మీ మామ రెండుసార్లు తప్పాడు, నేను ఒకసారి తప్పా, అది కొట్టేసి శుక్రవారం మళ్లీ పెట్టు" అన్నాడు. మళ్లీ తీస్తా గానీ ఒకటి అడుగుతా, పాతది కొట్టెయ్యాలా, ఉంచాలా? చోటు సమస్య లేదు.

ఒంగోలు మైకుసెట్టు:

కొట్టేశానని చెప్పు, కొట్టెయ్యబాకు. వేరే పెన్‌డ్రైవులో వేసి, మీ అమ్మ తిట్లతో సహా దాచు. 57 ఇంకో నెల ఉంచుకో, నాకు పెళ్లిళ్లు లేవు.