అప్‌డేట్: లాంగ్ ట్రెక్‌కి బ్యాగ్ బరువు, షూస్ గురించి అడిగాను కదా

వారాల తరబడి నడిచే ట్రెక్‌కి బ్యాగ్ ఎంత బరువుండాలి, చీలమండ దాకా ఉండే బూట్లు కొనాలా, తేలికపాటి ట్రైల్ షూస్ (కొండదారుల్లో నడిచే షూస్) సరిపోతాయా అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

బ్యాగ్ ఒంటి బరువులో 20 శాతం దాటొద్దన్నారు కదా, సామానంతా విడివిడిగా తూకం వేసి చూస్తే ఎక్కువ బరువు టెంట్, స్లీపింగ్ బ్యాగ్, బ్యాక్‌ప్యాక్ ఈ మూడింటిలోనే ఉంది, అందుకే చిన్న వస్తువుల జోలికి పోకుండా ముందు టెంట్ మార్చేశాను. ట్రైల్ షూసే తీసుకున్నాను, అర సైజు పెద్దవి. రోజంతా నడిస్తే పాదాలు ఉబ్బుతాయి, పైగా దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

అన్నిటికంటే పనికొచ్చిన సలహా మాత్రం దిగడం ప్రాక్టీస్ చేయమన్నది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది అంతే, దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు ఆపాలి, మర్నాడు పట్టేసే నొప్పులు ఎక్కువగా దానివల్లే. బ్యాగ్ తగిలించుకుని మెట్లు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాక మోకాళ్ల గురించి టెన్షన్ చాలా తగ్గింది. నడుము బెల్ట్ తుంటి ఎముకల మీద బిగించి చూడండి, భుజాలకి ఎంత హాయో!

చలి ప్రాంతాలకి వెళ్లేవాళ్లు వాటర్ ఫిల్టర్‌ని రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి. ఒకసారి గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు పగలొచ్చు, పైకి ఏమీ కనిపించదు.

ఇక దారిలో తిండి సరుకులు ఎక్కడెక్కడ నింపుకోవాలన్నది మిగిలింది, అది తేలాక రాస్తాను.