సమస్యాపూరణం: కదలనట్టి కొండ కదలి వచ్చె

ఈ వారం సమస్య (ఆటవెలది): కదలనట్టి కొండ కదలి వచ్చె

ఇతివృత్తం ఫ్రెంచి చిత్రకారుడు పోల్ సెజాన్ చిత్రాల్లోని సాంత్ విక్త్వార్. దక్షిణ ఫ్రాన్సులో, ఆయన సొంతూరు ఎక్స్ దగ్గర 1011 మీటర్ల సున్నపురాతి కొండ. దీన్నే ముప్పైకి పైగా తైలవర్ణ చిత్రాల్లో గీశాడు. సంజీవనీ గోవర్ధనమూ ఈసారికి వద్దు, దయచేసి.

మొదటి పూరణ

కొమ్మ వంపులోనఁ గొండవంపును గల్పి
దూరమన్న మాటఁ దుడిచి వైచి
చాచి కుంచె నా సెజాను రంగులఁ బిల్వఁ
గదలనట్టి కొండ కదలి వచ్చె

— అక్కయ్యగారూ, మొదటి పాదం చదవగానే లండన్ కోర్టాల్డ్ గ్యాలరీలోని చిత్రం (సుమారు 1887) కళ్ళకు కట్టింది. పైన వేలాడే పైన్ కొమ్మ దూరపు శిఖరరేఖ వెంటే వంగుతుంది. అన్నిటికన్నా దగ్గరిదీ అన్నిటికన్నా దూరపుదీ ఒకే గీతలో కలిసిపోతాయి. కొండ ముందుకు రావడం అక్కడే. కానీ దూరం 'తుడిచి'పెట్టుకుపోలేదండీ. కుడివైపు రైలువంతెన, మధ్యలో పొలాలు దాన్ని చూపుతూనే ఉన్నాయి. 'దూలఁజేసి' (తడబడేలా చేసి) అందామా? యతీ (పాదం మొదటి అక్షరానికీ మధ్యలోని అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) నిలుస్తుంది. సమస్య 'గ'తో మొదలవడం సరళాదేశమే (సంధిలో 'క' 'గ' కావడం), దోషం కాదు.

— 'దూలఁజేసి' బాగుంది, మార్చుకుంటున్నాను.

రెండో పూరణ

నీలి కొండ మీద నేలపచ్చను జేర్చి
నింగి నీలిఁ దెచ్చి నేలఁ జల్లి
ముక్కముక్క రంగు కుంచెతో నద్దఁగాఁ
గదలనట్టి కొండ కదలి వచ్చె

— తమ్ముడూ, మూడో పాదంలో 'ము'కు 'కుం'తో యతి చెల్లదు. భావం మాత్రం వదులుకోకు. 1902లో ఎక్స్ దగ్గరి లే లోవ్ గుట్ట మీద స్టూడియో కట్టించుకున్నాక గీసినవాటిలో ఆకాశంలోనూ ఆకుపచ్చ మచ్చలుంటాయి. దగ్గరగా చూస్తే కొండ లేదు, చెట్టు లేదు, పలకల్లాంటి కుంచెవేట్లే. నాలుగడుగులు వెనక్కి వేస్తే కొండ లేచి నిలబడుతుంది.

— అయితే ఇలా సవరిస్తానక్కా: 'ముక్కముక్క రంగు పక్కపక్కల నద్దఁ'. ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం).

— భేష్! ఆ 'పక్కపక్కల'లోనే సెజాన్ పనితనమంతా ఉంది. నీలి, నేల రెండేసిసార్లు వచ్చినా ఇక్కడ అందమే. రంగులు చోటు మార్చుకుంటున్నాయి కదా.

మూడో పూరణ

తుదకు వానలోనఁ దూలిపడిన నాఁడు
నడవలేనివాని నయనమందు
వీడుకోలు పలుక వేళయైనట్లుగాఁ
గదలనట్టి కొండ కదలి వచ్చె

— 1906 అక్టోబరు. ఆరుబయట బొమ్మ వేస్తుండగా గాలివానలో చిక్కి కూలిపోయాడు, కొద్దిరోజులకే కన్నుమూశాడు. కుంచె మాట, రంగు మాట ఒక్కటీ లేకుండా చెప్పారు, గురువుగారూ. సవరించడానికి నాకేమీ కనబడలేదు.