దశమభాగంలోంచి అక్క పిల్లల ఫీజు కట్టవచ్చా?

అందరికీ వందనాలు. మాది హన్మకొండ. జీతం చేతికి 24 వేలు వస్తుంది. నెలలో మొదటి ఆదివారం దశమభాగం, అంటే జీతంలో పదో వంతు 2,400 కవర్లో పెట్టి, పైన పేరు, మొత్తం రాసి చర్చిలో కానుకల సంచిలో వేస్తాం. జూన్ నుంచి అందులో 1,500 పరకాలలో ఉన్న మా అక్కకు పంపుతున్నాను. బావ లేరు, ఇద్దరు పిల్లల స్కూల్ ఫీజులు. కవర్ మీద 900 అని కనిపించేసరికి ఫోన్ రానే వచ్చింది!

పాస్టర్ గారు మలాకీ 3:10 చూపించి, దశమభాగం మందిరానికే రావాలి, లేకపోతే ఆశీర్వాదం ఆగిపోతుందన్నారు. కానీ ద్వితీయోపదేశకాండము 14:28-29లో మూడో ఏటి దశమభాగం మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు కూడా అని ఉంది. సంఘ పెద్దను అడిగితే 2 కొరింథీయులకు 9:7 చదివి, సణుక్కోకుండా ఇవ్వమన్నారు. సణుగుడు నా సమస్యే కాదు. రెండూ ఇద్దామంటే అద్దె, చిట్టీ పోను మిగలట్లేదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆశీర్వాదం ఆగిపోయిందేమోనని మా ఆవిడకు టెన్షన్.

వాక్యం తెలిసినవాళ్లు చెప్పండి: అక్కకు పంపే 1,500 దశమభాగం కిందికి వస్తుందా, రాదా?