ఎంజైమ్ కొత్త పని నేర్చుకోవడం పిల్లలకు చూపించాలి, తగిన బ్యాక్టీరియా స్ట్రెయిన్ (రకం) ఎక్కడ దొరుకుతుంది?

నమస్కారం. గుంటూరులో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. పరిణామం వాళ్ల కళ్లెదుటే జరగాలని నా కోరిక.

1970లలో, పాలలోని చక్కెర లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను ఇచ్చే ల్యాక్‌జెడ్ జీన్ తీసేసిన ఈ.కోలై బ్యాక్టీరియాను లాక్టోజ్ మీద పెంచారు. కొన్నాళ్లకు లాక్టోజ్‌ను తినగలిగే కాలనీలు వచ్చాయి. లాక్టోజ్‌ను దాదాపు ముట్టని ఈబీజీ అనే ఎంజైమ్ ఒక్క అమైనో ఆమ్లం మారడంతో దాన్ని విడగొట్టసాగింది. దాని తయారీని అణిచి ఉంచే రెప్రెసర్ జీన్ కూడా దెబ్బతినాలి, లేకపోతే పెరిగేందుకు సరిపడా ఎంజైమ్ తయారుకాదు. రెండు మార్పులూ కలిసిరావడమే నాకు అద్భుతంగా అనిపిస్తుంది.

చిక్కల్లా స్ట్రెయిన్‌తోనే. మా దగ్గరున్న ఈ.కోలై స్ట్రెయిన్ డీహెచ్‌5ఆల్ఫాలో లాక్టోజ్‌ను కణంలోకి తెచ్చే ల్యాక్‌వై కూడా లేదు, కాబట్టి పనికిరాదు. ల్యాక్‌జెడ్ మాత్రమే పోయి ల్యాక్‌వై మిగిలిన స్ట్రెయిన్ చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం ఎంటీసీసీలో దొరుకుతుందా? విజయవాడ, గుంటూరు ల్యాబుల్లో ఎవరి దగ్గరైనా ఉందా?

ఇంకొకటి, ల్యాక్‌వైని పనిచేయించడానికి ఐపీటీజీ అనే రసాయనం ఎంత వేయాలి? లాక్టోజ్ తినే కాలనీలను రంగుతో చూపించే మ్యాకాంకీ అగర్ ప్లేట్లు వారాల తరబడి ఇంక్యుబేటర్‌లో ఉంటే అగర్ ఎండిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది, మా ఎండల సంగతి తెలిసిందే. ఈ ప్రయోగం చేయించినవాళ్లు దయచేసి చెప్పండి.