సఫోక్ పల్లె చర్చిలో మాయమైన బాప్తిస్మపు తొట్టి జాడ ఏ రికార్డుల్లో దొరుకుతుంది?

ఇంగ్లండ్‌లో పాత చర్చి రికార్డులు చూసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త సాయం చేయండి.

మేముండే పల్లె పశ్చిమ సఫోక్‌లో ఉంది. చర్చి మధ్యయుగాల నాటిదే కానీ, అందులోని బాప్తిస్మపు తొట్టి మాత్రం 1860లలో మరమ్మతులప్పుడు పెట్టింది. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఈ జిల్లా చర్చిల వివరాలు రాసుకున్న డేవిడ్ ఎలిషా డేవీ నోట్స్‌లో ఎనిమిది పలకల పాత రాతితొట్టి ఉంది. అంచున ఇనుప కొక్కేలు ఊడిన గుర్తులున్నాయనీ రాశాడు. పవిత్ర జలాన్ని మంత్రతంత్రాలకు ఎత్తుకుపోకుండా అప్పట్లో మూతకు తాళం వేసేవారు కదా, అవే అయ్యుంటాయి. అంటే 1644లో విగ్రహారాధనను వ్యతిరేకించిన ప్యూరిటన్ విలియం డౌసింగ్ సఫోక్ చర్చిల్లో విగ్రహాలూ రంగు గాజు కిటికీలూ పగలగొట్టించినప్పుడు కూడా అది బతికిపోయింది. అలాంటిది మరమ్మతుల్లో పోవడం నాకు చాలా బాధగా ఉంది.

చర్చి వార్డెన్ల లెక్కల పుస్తకాల్లో కొత్త తొట్టి ఖర్చు ఉంది, పాతదాని ఊసే లేదు. చారిత్రక కట్టడాలను నమోదు చేసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ జాబితాలోనూ కొత్తదే. విక్టోరియా కాలంలో తీసేసిన తొట్లు పూలకుండీలుగా, పశువుల నీళ్లతొట్లుగా మారేవి కాబట్టి పాత వికారేజ్ (పాస్టరు గారి ఇల్లు) తోట, చుట్టుపక్కల పొలాలు అడిగి చూశాను. ఏమీ దొరకలేదు.

1837 నుంచి 1914 వరకు ఈ ప్రాంతం ఈలీ డయోసిస్ (బిషప్ పరిధి) కింద ఉండేది. ఆ కాగితాలు కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి, సెలవు పెట్టి వెళ్లాలి. 1860ల నాటి ఫ్యాకల్టీ పత్రాల్లో (చర్చిలో మార్పులకు డయోసిస్ ఇచ్చే అనుమతులు), తీసేసిన పాత తొట్టిని ఏం చేయాలో మామూలుగా రాసేవారా?