అప్‌డేట్: స్టాంపు గీతల్లో ఎండిపోయిన ఇంక్ వదిలింది

చెక్క పిడి ఉన్న రబ్బర్ స్టాంపుల సన్న గీతల్లో నల్ల ఇంక్ గట్టిపడిపోయింది, ఆకు బొమ్మలో ఈనెలు అసలు పడటం లేదు, ఏం చేయాలి అని అడిగాను కదా, దాని సంగతి ఇది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. నెయిల్ పాలిష్ రిమూవర్ పోయమన్న అన్నగారి మాట మాత్రం వినలేదండీ, అందులో ఉండే అసిటోన్ రబ్బరునీ, దాన్ని చెక్కకి పట్టి ఉంచే జిగురునీ కూడా పాడుచేయొచ్చు.

నీళ్ల ఇంక్ అయితే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, పాత మెత్తటి టూత్‌బ్రష్ చాలు. స్టాంపుని నీళ్లలో ముంచకుండా, రబ్బరు కిందకి ఉండేలా పట్టుకుని రుద్దాలి, లేకపోతే చెక్క తడి పీల్చుకుని ఉబ్బి రబ్బర్ అంచులు లేచిపోతాయి. ఈనెల దగ్గర బ్రష్ గుండ్రంగా తిప్పుతుంటే నల్లటి పెచ్చులు ఊడి వచ్చాయి, భలే తృప్తిగా అనిపించింది.

స్టేజాన్ బ్రాండు లాంటి సాల్వెంట్ ఇంక్ (నీళ్లకి బదులు రసాయన ద్రావకంతో చేసేది) మాత్రం సబ్బుకి లొంగలేదు. దానికోసం అమ్మే క్లీనరే కొన్నాను, ధర చూసి గుండె జారింది గానీ పని జరిగింది. రబ్బరు మీద మరక ఇంకా ఉంది, తడి చేసి తెల్ల కాగితం మీద అద్దితే రంగు దిగడం లేదు కాబట్టి వదిలేశా.

క్లియర్ స్టాంపులు (పిడి లేని పారదర్శక స్టాంపులు) వాటిని అంటించి పట్టుకునే బ్లాకుకి అంటుకోవట్లేదని ఒకరు అడిగారు. వెనకవైపు కూడా సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, మళ్లీ పట్టుకుంటాయి. ఎండలో మాత్రం కాదు, పసుపెక్కుతాయి.